మన వీలునామా ఎవరో ముందే రాసి పెట్టారు

మా పిన్ని పోయి నెల తిరక్కముందే ఆవిడ ఇంటి తాళంచెవులు అడగడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. బాబాయి అన్నగారి కొడుకులు. బాబాయి పోయి అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఆ గడప తొక్కింది రెండుసార్లు. రెండూ శుభలేఖలు ఇవ్వడానికే.

ఆ ఇల్లు బాబాయి ఇచ్చింది కాదు. పిన్ని పాతికేళ్ళు మిషను కుట్టి, చీటీలు కట్టి, నూట ఇరవై గజాల స్థలం కొనుక్కుని రెండు గదులు వేసుకుంది. పిల్లల్లేరు. ఆవిడతో పాటు ఆ ఇంట్లో ఉన్నది మా అమ్మమ్మ, అంటే పిన్ని కన్నతల్లి. అప్పటికి ఆవిడకి ఎనభై మూడేళ్ళు.

కూతురి కష్టార్జితం తల్లికి కాక ఇంకెవరికి వస్తుంది అనుకుంటూ వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన మేం చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

"వీలునామా ఏమన్నా రాసిందా?"

"లేదండీ."

"అయితే ఆ అబ్బాయిలదేనమ్మా."

"కన్నతల్లి బతికే ఉందండీ," అంది మా అమ్మ.

"ఉన్నా సరే. వరసలో భర్త వారసులు ఆవిడకంటే ముందున్నారు."

ఆరునెలలకి అమ్మమ్మ ఆ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేసింది. తులసికోట కూడా తెచ్చుకుందామంది. సిమెంటుతో కట్టిన కోట, ఎలా తెస్తాం? చివరికి అందులో మట్టి ఒక హార్లిక్స్ సీసాలో పోసుకుని తెచ్చుకుంది.

ఏడాది పాటు ఆ అన్నదమ్ముల్ని తిట్టుకున్నాను. తర్వాత చట్టం చదివాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, చట్టం నాకెందుకు అర్థమవుతుంది అనుకునేదాన్ని. అర్థమయింది. వాళ్ళు దొంగతనమేమీ చెయ్యలేదు. చట్టం వాళ్ళకి ఇచ్చింది వాళ్ళు తీసుకున్నారు. నేను కోపగించుకోవాల్సింది ముందు ఆ చట్టం మీద, తర్వాత మా మీద.

ఆ చట్టం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. అందులో 14వ సెక్షన్ స్త్రీకి తన ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. చదువుతుంటే ఛాతీ పొంగుతుంది. మరుసటి సెక్షన్‌కి వచ్చేసరికి గాలి తీసేసినట్టు అవుతుంది. 15వ సెక్షన్ ఏమంటుందంటే, స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి ముందు కొడుకులకి, కూతుళ్ళకి, భర్తకి. వాళ్ళెవరూ లేకపోతే భర్త వారసులకి. వాళ్ళు కూడా లేకపోతే అప్పుడు ఆమె తల్లిదండ్రులకి.

మగవాడి సంగతి చూడండి. కొడుకులు, కూతుళ్ళు, భార్యతో పాటు అతని తల్లి మొదటి వరసలోనే సమాన వాటాతో ఉంటుంది. ఆ వరస లేకపోతే తండ్రి, తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అంతా అతని రక్తమే. అతని భార్య అన్నదమ్ములు ఆ జాబితాలో ఎక్కడా కనపడరు. మగవాడి ఆస్తి అతని వాళ్ళకి, ఆడదాని ఆస్తి కూడా అతని వాళ్ళకి. ఇదీ లెక్క.

ఒక మినహాయింపు ఉంది. తల్లి దగ్గర్నించో తండ్రి దగ్గర్నించో వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, పిల్లలు లేనప్పుడు, తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది. సంతోషమే. మరి ఆమె సంపాదించుకున్నదో? ఉద్యోగం చేసి కొనుక్కున్న ఫ్లాటు, కుట్టుపని డబ్బు, పచ్చళ్ళు అమ్మిన డబ్బు? ఈ చట్టం రాసినవాళ్ళకి ఆడది సంపాదిస్తుందన్న ఊహే వచ్చినట్టు లేదు.

మా పిన్ని ఒక్కతే అనుకోకండి. 2009లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటుంది. పెళ్ళయిన మూడు నెలలకే ఒకామె భర్త పోయాడు. అత్తవారు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది, 1996లో వీలునామా లేకుండా పోయింది. ఆమె తల్లీ, భర్త తరఫు వాళ్ళూ కోర్టుకెక్కారు. ఆస్తి భర్త తరఫు వాళ్ళదే అయింది. సానుభూతిని బట్టి చట్టాన్ని వేరేగా చదవలేమన్నది కోర్టు. వెళ్ళగొట్టిన ఇల్లే వారసత్వానికి వచ్చింది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న ముక్క ఉంది. "మేం వీలునామా రాయలేదు" అని మనం అంటుంటాం. అది తప్పు మాట. మనందరికీ ఒక వీలునామా ఉంది. 1956లో ఢిల్లీలో రాశారు. మన పేరు అడగలేదు, మన ఇష్టం అడగలేదు, మనల్ని కన్నవాళ్ళనీ కనిపెట్టుకున్నవాళ్ళనీ లెక్కలోకి తీసుకోలేదు. మనం సొంతంగా రాసుకోనంత కాలం అదే మన వీలునామా. అది మీకు నచ్చితే హాయిగా ఊరుకోండి. నచ్చకపోతే మాత్రం "ఇప్పుడెందుకులే" అనే హక్కు మనకి లేదు.

ఇల్లూవాకిలీ ఉన్న ప్రతి ఆడదాన్నీ ఏడాదిగా ఈ మాట అడుగుతున్నాను. నాకు వచ్చిన జవాబులు మూడే.

మొదటిది, శుభమా అంటూ చావు మాటలెందుకని. మా పిన్ని కూడా ఇదే అనేది. సంక్రాంతి ముందు అడిగితే పండగపూట ఆ మాటలేమిటే అంది, శ్రావణంలో అడిగితే వరలక్ష్మీ వ్రతం పెట్టుకుని ఏమిటే అంది. కార్తీకంలో పోయింది. ఇన్సూరెన్సు పాలసీ కట్టేటప్పుడు చావు గుర్తురాదు. చివరి చీర ఏది కట్టాలో చెప్పుకునేటప్పుడు గుర్తురాదు. "నన్ను ఆ పచ్చచీరలోనే పంపించండే" అని ఎంతమంది పెద్దవాళ్ళు అనలేదు! చీర సంగతి చెప్పగలిగిన నోరు ఇంటి సంగతి చెప్పలేదా?

రెండోది, నాకేం ఆస్తుంది అని. ఒంటి మీద ఉన్నదేమిటి మరి? లాకర్లో ఉన్నదేమిటి? స్టాంపు ఖర్చు కలిసొస్తుందనో, టాక్సు కోసమో మీ పేరు మీద కొన్న స్థలం ఎవరిది? కాగితం మీద మీ పేరుంటే అది మీది. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన ఎకరం సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఇందాక చెప్పిన మినహాయింపు వారసత్వంగా వచ్చినదానికి. రాసిచ్చినది కానుక, వారసత్వం కాదు. అమ్మ గుర్తుగా చెల్లెలికో, చెల్లెలి కూతురికో వెళ్ళాలని మీకు ఉంటే కాగితం మీద పెట్టాల్సిందే.

మూడోది, నామినీ పేరు రాశాంగా అని. ఇదే అన్నిటికంటే పెద్ద మోసం. ఎవరో చేసింది కాదు, మనకి మనం చేసుకునేది. పిన్ని బ్యాంకు డిపాజిట్‌కి నామినీని నేనే. బ్యాంకువాళ్ళు మర్యాదగా డబ్బు నా చేతిలో పెట్టారు. నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. నామినీ అంటే డబ్బు తీసుకుని అసలు వారసులకి అప్పగించాల్సిన మనిషే తప్ప యజమాని కాదని సుప్రీంకోర్టు ఇన్సూరెన్సు విషయంలో 1983లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ చెప్పింది. 2015లో ఇన్సూరెన్సు చట్టం మార్చి తల్లిదండ్రులు, భార్య, భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్ళదే అన్నారు. నేను ఆవిడకి అక్క కూతుర్ని. ఆ లెక్కలోకి రాను, పైగా అది బ్యాంకు డబ్బు. అమ్మమ్మ మందులకి ఖర్చయింది పోగా మిగతాది లెక్క రాసి వాళ్ళకి ఇచ్చేశాను. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీలని పెట్టుకోవచ్చు. మంచిదే, డబ్బు త్వరగా బయటికొస్తుంది. వీలునామా బదులు మాత్రం కాదు.

ఇంతవరకూ వీలునామా లేకపోతే వచ్చే నష్టం చెప్పాను. వీలునామాని మన మీదే వాడే సంగతి కూడా చెప్పాలి.

1986లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక పని చేసింది. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి తప్ప. కూతురికి ఆ హక్కు ఇచ్చినవాళ్ళలో మొదటివాళ్ళం మనమే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి. దేశం మొత్తానికి రావడానికి 2005 దాకా పట్టింది. హక్కు పుట్టుకతో వచ్చేదే కాబట్టి 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది.

గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతే. అయితే మన ఇళ్ళల్లో ఆ హక్కుకి ఏం జరిగింది? రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి నాన్న వీలునామా. అదే చట్టంలో 30వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన వాటాని కూడా వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు. అలా కొడుకులకి రాసేస్తారు. "ఆడపిల్లకి పెళ్ళప్పుడే ఇచ్చేశాం" అని ఒక వాక్యం కూడా ఉంటుంది. రెండోది హక్కు విడుదల దస్తావేజు. పండక్కి పిలిచి, చీర పెట్టి, భోజనాలయ్యాక సంతకం పెట్టించుకునే కాగితం.

నేనూ పెట్టాను. మా అన్నయ్య పెన్ను ఇచ్చాడు, వదిన కాఫీ ఇచ్చింది, నేను చదవకుండా నాలుగు పేజీల మీద సంతకాలు చేశాను. అన్నయ్య చెడ్డవాడు కాదు. అడిగితే ఇచ్చేవాడేమో కూడా. అడగలేదు. అడిగితే పుట్టిల్లు పోతుందని భయం. వాటా అడిగిన ఆడపడుచు గురించి మా ఊళ్ళో ఏమంటారో చిన్నప్పట్నించీ విన్నాను. ఇప్పటికీ పుట్టిల్లు ఉంది, సంక్రాంతికి చీరా ఉంది. ఇష్టపడి వదులుకోవడం వేరు, చదవకుండా వదులుకోవడం వేరు. నేను చేసింది రెండోది. మీరు చెయ్యకండి. "ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు పెడతాను" అనండి. ఆ ఒక్క రాత్రి ఆగలేని ప్రేమ ఏపాటిదో మీకే తెలుస్తుంది.

వీలునామాతో పాటు ఇంకో రెండు మాటలు తెలిసి ఉండాలి. ఒకటి గిఫ్టు దస్తావేజు. పిల్లలు "ఇప్పుడే రాసిచ్చెయ్యమ్మా, తర్వాత తిరగక్కర్లేదు" అంటారు. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్టు రిజిస్టరైందంటే ఆస్తి చేయి దాటినట్టే. తప్పనిసరై ఇస్తే, నా పోషణ బాధ్యత నీదే అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. అప్పుడు చూడకపోతే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళి రద్దు చేయించుకోవచ్చు.

రెండోది ట్రస్టు. అది గుడికో బడికో పెట్టేదని మనకో అభిప్రాయం. కుటుంబానికీ పెట్టుకోవచ్చు. దానికి 1882 నాటి చట్టమే ఉంది. మా వీధిలో ఒకావిడ కొడుక్కి ఇరవై రెండేళ్ళు, ఆటిజం. తన ఇల్లు అతని పేర రాస్తే అతను చూసుకోలేడు. చెల్లెలి పేర రాస్తే ఆ చెల్లెలి కష్టాల్లో ఇల్లు కరిగిపోవచ్చు. వీలునామాలోనే ట్రస్టు పెట్టి, ఇద్దరు నమ్మకస్తుల్ని ట్రస్టీలుగా వేసి, అద్దె అబ్బాయి ఖర్చులకే వాడాలని రాసింది. అబ్బాయికి సంరక్షకుల్ని నియమించడానికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాల్లో కమిటీలు ఉంటాయి, అక్కడా అర్జీ పెట్టుకుంది. "ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది," అంది నాతో.

ఇప్పుడు అసలు పోట్లాటకి వస్తాను. వీలునామా మన ఇంటికి గొడుగు. వాన మొత్తం ఆపాలంటే చట్టమే మారాలి. చట్టాలు మారుతున్నప్పుడు మనం ఎక్కడున్నాం?

2023 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కుల చట్టం ఒకటి అమల్లోకి వచ్చింది. రిజిస్టరులో ఒకరి పేరు ఎక్కాక రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇక హక్కు అతనిదే అన్నది అందులో ముఖ్యమైన సంగతి. వకీళ్ళు ఆందోళన చేశారు, 2024 ఎన్నికల్లో మైకుల్లో మోగింది, ఎన్నికలయ్యాక రద్దయింది. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ తేల్చను, అది పార్టీల గొడవ. నా ప్రశ్న వేరు. అన్నదమ్ముల పేరు ఎక్కిందో లేదో చూసుకుని రెండేళ్ళలో అభ్యంతరం చెప్పగలిగే ఆడపడుచులు ఎంతమంది? అసెంబ్లీలో ఆ బిల్లు పెట్టినప్పుడు మనలో ఎంతమంది చదివాం? తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. వారసుల పేర్లు ఎలా ఎక్కించాలన్నది రెండింటిలోనూ ఉన్న సంగతే. బంగారం రేటు రోజూ పొద్దున్నే చూస్తాం. ఆ బంగారం మన తర్వాత ఎవరికి పోతుందో నిర్ణయించే బిల్లు చూడం.

15వ సెక్షన్ మార్చమని లా కమిషన్ 2008లోనే తన 207వ నివేదికలో చెప్పింది. స్త్రీ సొంత సంపాదన భర్త వారసులకే కాక పుట్టింటివాళ్ళకీ సమానంగా వెళ్ళాలన్నది. సెక్షన్ అలాగే ఉంది. 2025 నవంబరులో ఈ సెక్షన్ మీద వచ్చిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు దాని మంచిచెడ్డలు తేల్చకుండా వదిలి, స్త్రీలందరూ, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. అంత పెద్ద కోర్టు "అమ్మా, మీ జాగ్రత్తలో మీరుండండి" అన్నదంటే మనం ఎంత తొందరపడాలి?

వారసత్వం, వీలునామాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే కేంద్రమే మార్చాలని లేదు. రాష్ట్ర శాసనసభ కూడా బిల్లు పెట్టి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవచ్చు. 1986లో చేసింది అదే. అప్పుడు ఒక శాసనసభ ఉండేది, ఇప్పుడు రెండున్నాయి. అమరావతిలో ఒకటి, హైదరాబాదులో ఒకటి. మహిళా ఓటర్లకి చీరలూ పథకాలూ గుర్తుపెట్టుకునేవాళ్ళు ఈ ఒక్క సెక్షన్ ఎందుకు గుర్తుపెట్టుకోరు? మనం అడగలేదు కనుక. ఈసారి ఓటుకి వచ్చిన మనిషిని అడగండి. "నా కష్టార్జితం నా తల్లికి రాకుండా అడ్డుపడే సెక్షన్ మార్చడానికి బిల్లు పెడతారా?" అని. తెల్లమొహం వేస్తారు. వెయ్యనివ్వండి. పదిమంది అడిగితే పదకొండో ఇంటికి వచ్చేసరికి తెలుసుకుని వస్తారు.

అంతవరకూ మాత్రం వీలునామా. ఎంత తేలికో చూడండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాసుకోవచ్చు. పేరు, వయసు, తేదీ, ఏది ఎవరికి, ఇంతకుముందు రాసినవి రద్దు అన్న మాట. అమలు చెయ్యడానికి ఒక మనిషి పేరు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి తామూ పెట్టాలి. లోపల ఏముందో వాళ్ళు చదవక్కర్లేదు. సాక్షులు మీకంటే చిన్నవాళ్ళయి, మీ ఆస్తి పొందేవాళ్ళు కాకుండా ఉంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయిస్తే తర్వాత ఇది దొంగ సంతకమనే నోళ్ళు కొంత మూతపడతాయి. పెద్దవయసువాళ్ళయితే ఆ రోజే డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉందని ఒక కాగితం తీసుకోండి. ముస్లిం అక్కచెల్లెళ్ళకి మూడోవంతుకి మించి రాయాలంటే వారసుల అంగీకారం కావాలి, క్రైస్తవులకి వారసత్వ చట్టం వేరు. వాళ్ళు ఆ తేడాలు అడిగి తెలుసుకోవాలి.

నేను కిందటి నెలలో రాశాను. మావారికి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. "నామీద నమ్మకం లేకనా?" అన్నారు. "మీమీద కాదు, 15వ సెక్షన్ మీద," అన్నాను. రెండ్రోజులు ముభావంగానే ఉన్నారు. మూడోరోజు ఆ కాగితం అడిగి తీసుకుని చదివారు. స్థలం పిల్లలిద్దరికీ సమానంగా రాశాను. అమ్మ గాజులు మా చెల్లెలికి. మా అమ్మ నాకంటే ఎక్కువ కాలం ఉంటే ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఖర్చులకి నా డిపాజిట్ మీద వడ్డీ. అది చదివి "మా అమ్మకి నేనేమీ రాయలేదే" అన్నారు. ఇంకా రాయలేదు. అడుగుతూనే ఉన్నాను.

అమ్మమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. ఆ హార్లిక్స్ సీసా మట్టిని కుండీలో పోసి మొక్క నాటాం. రోజూ నీళ్ళు పోస్తూ మొన్న అడిగింది. "ఆ కాగితమేదో అప్పుడే మాకు చెప్పలేకపోయావుటే?" అని. నా దగ్గర జవాబు లేదు. మీకు మాత్రం చెప్పాను.